యాన్ హుస్సు జీవితము

మతమునందు తుది ప్రమాణమేది? గ్రంథమా, ఆ గ్రంథమునకు అర్థము చెప్పు సంఘమా? ఈ ప్రశ్న నిమిత్తమై ప్రాణములొసగిన యొక మహనీయుని చరిత్రమును సంగ్రహముగ మా చదువరుల యెదుట నుంచుచున్నాము.

యాన్ హుస్సు సుమారు 1370వ సంవత్సరమున, నేటి చెక్ దేశమునకు చేరిన బొహీమియాలో, హుసినెట్సు అను గ్రామమున బీదకుటుంబమునందు జన్మించెను. ప్రాగు విశ్వవిద్యాలయమున చదివి పట్టము నొంది, పిదప గురుత్వమును స్వీకరించి, 1402లో బెత్లెహేము మందిరమున బోధకుడయ్యెను. పూజలు లాటిను భాషలో జరుగుచుండిన ఆ కాలమున, జనుల సొంత భాషయందు ధర్మబోధ జరుగుటకై 1391లో స్థాపింపబడిన మందిరమది. అచట నాతడు గురువుల ధనాశను నిర్భయముగ ఖండించుచు, బైబిలు వాక్యములను సామాన్యులకు విప్పి చెప్పెను. ఆంగ్లదేశపు విక్లిఫు గ్రంథములయం దాతనికి మిక్కిలి యాదరము. 1410లో ప్రాగు ఆర్చిబిషప్పు ఆ గ్రంథములను తగులబెట్టించెను.

అప్పుడు పోపులమని చెప్పుకొనువారు ముగ్గురుండిరి. వారిలో 23వ జాను, నేపిల్సు రాజుపై యుద్ధమునకు ధనము కూర్చుటకై, పాపదండన తగ్గించు క్షమాపత్రములను 1412లో ప్రాగునందు విక్రయింపజేసెను. హుస్సు దీనిని తీవ్రముగ నిరసించెను. బహిరంగముగ నెదిరించిన మువ్వురు యువకుల శిరస్సులు ఖండింపబడెను. హుస్సు బహిష్కృతుడయ్యెను. ఆతడున్నచోట పూజలు జరుగరాదని నిషేధము వెలువడగా, నగరవాసుల మేలుకోరి తానే నగరమును విడిచెను. 1413లో సంఘమును గూర్చి యొక గ్రంథమును ముగించెను. సంఘమునకు శిరస్సు క్రీస్తే గాని పోపు గాడనియు, క్రీస్తు మార్గమునకు విరుద్ధమగు నాజ్ఞను పాటింపనక్కరలేదనియు నందు వాదించెను.

ప్రతిపక్షుల వాదమును మేము దాచము. ఎవరికి తోచిన యర్థమును వారు చెప్పుకొన్నచో మతము ముక్కలగుననియు, బైబిలులో నేయే గ్రంథములు చేరవలెనో నిర్ణయించిన సంఘమే వాని యర్థమును నిర్ణయింపదగుననియు వారి తలంపు. ఇది తేలికగ త్రోసివేయదగిన వాదము కాదు. అయినను ఆ యధికారము హుస్సునెడ నెట్లు ప్రయోగింపబడెనో చూడుడు.

1414లో కాన్‌స్టన్సు నగరమున మహాసభ కూడెను. సిగిస్మండు రాజు ఇచ్చిన యభయమును నమ్మి హుస్సు నవంబరులో నచటికేగెను. ఆ నెల ముగియకముందే చెరబడెను. పోపుకంటె మహాసభయే యధికమని 1415 ఏప్రిలులో నా సభ శాసించి, మే నెలలో 23వ జానును పదభ్రష్టుని జేసెను. పోపునే తీర్పుదీర్చిన యా సభ, ఒక బోధకుని యంతరాత్మను మాత్రము సహింపలేకపోయెను. తన తప్పును బైబిలునుండి చూపినచో వెంటనే విడిచెదనని హుస్సు కోరెను. ముందుగ లోబడి తప్పొప్పుకొనుమని సభ పట్టుపట్టెను. తానెన్నడు బోధింపని మాటలను గూడ విడిచితినని ప్రమాణము చేయుట దేవుని యెదుట నసత్యమగునని యాతడు నిరాకరించెను.

1415 జూలై 6వ తేదీన నాతని గురువస్త్రములు తొలగించి, దయ్యముల బొమ్మలు గల కాగితపు కిరీటము తలపైనుంచి, ఊరివెలుపల సజీవముగ దహించిరి. గుర్తేమియు మిగులకుండ బూడిదను రైను నదిలో కలిపిరి.

అగ్ని ప్రశ్నను దహింపలేదు. బొహీమియా యుద్ధములపాలయ్యెను. గ్రంథమును, అపొస్తలుల పరంపరను సమానగౌరవముతో స్వీకరింపవలెననియు, అర్థనిర్ణయము సంఘమునదేయనియు 1546లో ట్రెంటు మహాసభ తీర్మానించెను. 1965లో రెండవ వాటికను మహాసభ, అర్థనిర్ణయము సంఘమునదే యైనను, ఆ యధికారము దైవవాక్యమునకు పైది కాదనియు దానికి సేవచేయునదనియు ప్రకటించెను. 1999 డిశెంబరులో పోపు రెండవ జాన్ పాలు హుస్సు క్రూరమరణమునకు గాఢమగు విచారమును తెలిపెను.

సేవచేయు నధికారము కారణమును చూపి యొప్పించును. ఏలగోరు నధికారము లోబడుమని మాత్రమే చెప్పును. ఈ భేదమును హుస్సు తన ప్రాణములతో మనకు తెలిపెను. ఏ మతమువారమైనను, మనయందలి యధికారము వీనిలో నేది యని మనలను మనము ప్రశ్నించుకొందము గాక.