ఫ్లారెన్స్ నైటింగేల్ - కిటికీలు తెరపించిన పరిచారిక

రోగికి మందెంత అవసరమో మంచిగాలియు నంత అవసరమని లోకమునకు బోధించిన వనితామణి ఫ్లారెన్స్ నైటింగేల్. ఆమె 1820 మే 12వ తేదీన ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున, సంపన్నమైన ఆంగ్లేయ కుటుంబమున జన్మించెను. ఆ కాలమున రోగులకు ఉపచారము చేయుట గౌరవమైన వృత్తిగా నెంచబడలేదు. ఇంటివారు సమ్మతింపకున్నను ఆమె పట్టు విడువక, 1851లో జర్మనీ కేగి ఆ విద్య నభ్యసించెను.

1854లో క్రిమియా యుద్ధము జరుగుచుండగా, 38 మంది పరిచారికలతో ఆమె టర్కీలోని స్కుటారి సైనిక వైద్యశాలకు చేరెను. అచట గాయములకంటె జ్వరములవలనను, కలరా, రక్తగ్రహణులవలనను మరణించువారే అధికులు. రాత్రులందు దీపము చేతబూని రోగులను పరామర్శించిన తల్లిగా లోకమామెను కీర్తించెను. కాని ఆ తొలి శీతకాలమున ఆమె సేవ మరణములను ఆపజాలలేదు. 1855 మార్చిలో ఆరోగ్యసంఘమువారు వచ్చి, భవనము క్రింది మురుగు తొలగించి, గదులలో గాలి యాడునట్లు చేసిరి. ఫిబ్రవరిలో నూటికి సుమారు 42గా నున్న మరణములు జూను నాటికి సుమారు 2కు తగ్గెను.

స్వదేశమునకు మరలిన పిదప ఆమె ఈ లెక్కలను స్వయముగా పరిశీలించెను. గది చెడ్డదైనచో ఎంత సేవ చేసినను వ్యర్థమని గ్రహించెను. నాటినుండి తాను మంచము పట్టియు, దశాబ్దములు కలము విడువలేదు. ఇరుప్రక్కల ఎదురెదురుగా ఎత్తైన కిటికీలు, పడకల నడుమ తగినంత ఎడము ఉండవలెనని 1859లో వైద్యశాలలను గూర్చి గ్రంథము వ్రాసెను. 1871లో లండనులో తెరువబడిన సెయింట్ థామస్ వైద్యశాల ఈ పద్ధతినే నిర్మింపబడెను. ఆమె భారతదేశమునకు రాకున్నను, ఇచటి సైనికుల నివాసములలోని ఇరుకును, మురికిని 1863లో ప్రభుత్వమునకు ఎరుకపరచెను.

ఆమె నమ్మకమున ఒక దోషము కలదు. దుర్గంధపు గాలియే రోగములకు మూలమని ఆమె తలంచెను. కలరా నీటిద్వారా వ్యాపించునని, రోగములకు సూక్ష్మజీవులు కారణమని తరువాత తేలెను. అయినను ఆమె తెరపించిన కిటికీ మాత్రము వ్యర్థము కాలేదు. మనుజుడు దగ్గినపుడు, తుమ్మినపుడు, మాటలాడినపుడు నోటినుండి తుంపురులు వెలువడును. పెద్దవి త్వరగా నేలబడును. సన్ననివి క్షణములో ఆరి, పొగవలె గదిలో చాలసేపు తేలియాడును. ఈ భేదమును 1934లో అమెరికాలో విలియం వెల్సు వివరించెను. క్షయ, పొంగు ఇట్లు వ్యాపించును. 2020లో లోకమును క్రమ్మిన కోవిడ్ సహితము మూసిన గదులలో ఇట్లే ప్రబలెను. కిటికీలు తెరచినచో బయటిగాలి వచ్చి ఆ తుంపురులను పలుచపరచి వెలికి కొనిపోవును.

ఆమె 1910 ఆగస్టు 13వ తేదీన, తన తొంబదవ యేట లండనులో దివంగతురాలయ్యెను. పలువురు కూడు బడియందును, గ్రంథాలయమందును, రోగి పరుండిన ఇంటియందును ఎదురెదురు కిటికీలు తెరచియుంచుటయే ఆ పుణ్యవతికి తగిన స్మృతిచిహ్నము.