నగర నిర్మాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య

ఇల్లు కట్టదలచినవాడు ముందు స్థలం చూస్తాడు. నగరం కట్టదలచినవాడు ముందు నీరు చూడాలి. నీరు ఎక్కడినుండి వస్తుంది, ఎక్కడ నిలుస్తుంది, ఎటు పోతుంది అని తెలియకుండా వేసిన వీధులు ఏదో ఒకనాడు ఏరులవుతాయి. ఈ సత్యాన్ని మన దేశంలో ఆచరించి చూపిన మహనీయులలో అగ్రగణ్యులు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు. పట్టణ ప్రణాళికను ఉన్నతస్థాయిలో చదవగోరే మన విద్యార్థినీ విద్యార్థులకు ఆయన జీవితం ఒక పాఠ్యగ్రంథం వంటిది.

వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామస్థులు. మైసూరు సంస్థానానికి తరలిపోయినా ఇంటిపేరులో ఊరిని, ఇంటిలో తెలుగును నిలుపుకొన్నారు. మన చిత్తూరు సీమకు పడమట, చిక్కబళ్లాపురం చేరువనున్న ముద్దేనహళ్లిలో 1861 సెప్టెంబరు 15న విశ్వేశ్వరయ్య గారు జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మ. చిన్ననాడే తండ్రిని కోల్పోయి, బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పి జీవనం సాగిస్తూ 1881లో సెంట్రల్ కళాశాలనుండి బి.ఏ. పట్టా పొందారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థివేతనంతో పూనా ఇంజనీరింగు కళాశాలలో చేరి, 1883లో పరీక్షలో ప్రథములుగా నిలిచారు. ఆ వేతనమే లేకుంటే ఒక మేధావి పల్లెటూరి బడిపంతులుగా మిగిలిపోయేవారేమో!

1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో ప్రవేశించారు. సింధులోని సుక్కూరు పట్టణానికి నదినీరు బురదతో వస్తూ ఉంటే, నదీగర్భంలో బావి తవ్వించి ఇసుక పొరలచేతనే నీటిని వడకట్టించారు. 1903లో పూనా వద్ద ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన రూపొందించిన స్వయంచాలక తలుపులు అమర్చారు. నీరు ఒక మట్టానికి మించినంతనే అవి తమంతట తామే తెరుచుకొంటాయి. 1906లో ఏడెన్ నగరానికి వెళ్లి, మంచినీటి సరఫరాకు, మురుగు పారుదలకు ప్రణాళిక ఇచ్చి వచ్చారు.

ఆయన ప్రతిభకు గీటురాయి హైదరాబాదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది ఆ మహానగరాన్ని ముంచివేసింది. వేలాదిమంది అసువులు బాశారు. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టు తన కొమ్మలనెక్కిన సుమారు 150 మందిని కాపాడింది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం పిలుపుపై విశ్వేశ్వరయ్య గారు 1909లో హైదరాబాదు చేరుకొన్నారు.

అందరూ నది ఒడ్డున కూలిన ఇండ్లను చూస్తున్నప్పుడు ఆయన నదికి ఎగువను చూశారు. నగరానికి నీరు చేర్చే సుమారు 860 చదరపు మైళ్ల ప్రదేశంలోని వర్షపాతాన్ని, వాగులను, చెరువులను లెక్కకట్టించారు. అక్కడ 788 చెరువులున్నవని, అంటే ఇంచుమించు చదరపు మైలుకొక చెరువని, వానిలో 221 తెగిపోయినవని తేలింది. పై చెరువు తెగి కింది చెరువును తెంపింది. రెండూ కలిసి మూడవదానిపై పడ్డాయి. గొలుసుకట్టు చెరువుల నడుమ పెరిగిన మన రాయలసీమవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఆనాటి విపత్తు మూలం నగరంలో లేదు, నగరం వెలుపల ఉన్నది.

అందుచేత నగరానికి ఎగువన మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి జలాశయాలు కట్టాలని ఆయన సూచించారు. వరదను ఆపే కట్టడమే దాహాన్ని కూడా తీర్చడం ఆ ప్రణాళికలోని విశిష్టత. అంతటితో ఆగక నదీతీరాలను ఎత్తు చేయాలని, ఒడ్డున తోటలు పెంచాలని, ఇరుకు వీధులను వెడల్పు చేయాలని, భూగర్భ మురుగు కాలువలు నిర్మించాలని కోరారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తి అయ్యాయి. ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో చదివి వచ్చి, 1918లో చీఫ్ ఇంజనీరు పదవినందిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ గారి కృషిని ఈ సందర్భంలో స్మరించడం మన ధర్మం. ఒకరి ఆలోచన, మరొకరి దక్షత కలిసినందుననే హైదరాబాదు తేరుకొన్నది.

1909 చివర మైసూరు చీఫ్ ఇంజనీరై కృష్ణరాజసాగర నిర్మాణానికి పూనుకొన్నారు. 1912నుండి 1918వరకు దివానుగా విద్యకు, పరిశ్రమలకు పునాదులు వేశారు. వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాలలో ప్రత్యేక స్థానం కల్పించాలన్న మహారాజు సంకల్పంతో ఏకీభవించలేక పదవిని వదలుకొన్నారు. ప్రభుత్వ వేతనంతో పైకి వచ్చిన మహానుభావుడు అవకాశం అందని వర్గాల ఆవేదనను గుర్తించలేకపోవడం మనకు విచారం కలిగిస్తుంది. గొప్పవారిని గౌరవించడమంటే వారి ప్రతి మాటకు తల ఊపడం కాదు. 1944లో ప్రారంభమైన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు రూపకల్పనతో కూడా ఆయన పేరు ముడిపడి ఉన్నది. 1955లో భారతరత్న బిరుదాన్ని స్వీకరించి, నూరేళ్లు నిండిన పిమ్మట 1962లో కన్నుమూశారు.

ఆయన చదువుకొన్న రోజులలో పట్టణ ప్రణాళిక ఒక ప్రత్యేక విద్య కాదు. ఆయన హైదరాబాదు నివేదిక సమర్పించిన 1909లోనే ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రానికి శాఖ ఏర్పడింది. ఆయన భారతరత్న పొందిన 1955లోనే ఢిల్లీలో పట్టణ, గ్రామీణ ప్రణాళికా విద్యాలయం వెలసింది. మన రాష్ట్రంలో విజయవాడలోని ప్రణాళిక, వాస్తు విద్యాలయం 2008లో స్థాపించబడింది. ఇంజనీర్లకే గాక భూగోళ, అర్థ, సామాజిక శాస్త్రాలలో ఎం.ఏ. చేసినవారికి కూడా అనేక సంస్థలు ఈ చదువులో ప్రవేశం కల్పిస్తున్నాయి.

ఈ చదువు మనకెందుకని సందేహించేవారు 2021 నవంబరును తలచుకొనాలి. తిరుపతి వీధులు జలమయమయ్యాయి. చిత్తూరులో నీవానది ఇండ్లలోకి వచ్చింది. రాయలచెరువు కట్ట నిలుస్తుందో లేదోనని దిగువ గ్రామాలవారు ఊళ్లు విడిచి వెళ్లారు. అంతకు ముందటి యేడు, 2020 అక్టోబరులో, హైదరాబాదులోనే చెరువులు తెగి బస్తీలు మునిగాయి. రెండు సాగరాలు నది వరదను ఆపగలవు గాని, చెరువుల్లో, వాగుల్లో మనం కట్టుకొన్న ఇండ్లను కాపాడలేవు.

విశ్వేశ్వరయ్య గారు 788 చెరువులను లెక్కించిన తరువాతనే సలహా చెప్పారు. మన ఊరి చుట్టూ ఉన్న చెరువులెన్ని, వానిలో మిగిలినవెన్ని, వానిని కలిపే కాలువలేవి? ఈ లెక్క తీయగల ఒక్క విద్యార్థి, ఒక్క విద్యార్థిని మన కళాశాలనుండి ఆ చదువుకు వెళ్లినా ఆ మహనీయునికి అదే నిజమైన నివాళి కాగలదు.