కాన్రాడ్ గెస్నరు

స్విట్జర్లండు దేశమందలి జ్యూరిచ్ నగరమున 1516వ సంవత్సరమున కాన్రాడ్ గెస్నరు జన్మించెను. తండ్రి బొచ్చుతోళ్ల పని చేయువాడు. సంతానము మెండు, సంపాదన కొంచెము. అందుచే బాలుడు ఓషధులను సేకరించు నొక బంధువు నింట పెరిగెను. ప్రాణులను, మొక్కలను నిదానించి చూచుట అతని కచ్చటనే అలవడెను. 1531లో తండ్రి కాపెల్ యుద్ధమున మడిసెను. పిమ్మట బాలుని చదువు గురువుల దయవలననే సాగెను. అతడు 1537లో లోజాన్ నగరమున గ్రీకు పండితుడై, 1541లో వైద్యపట్టమును బడసి, స్వస్థలమునకు మరలివచ్చెను.

లోకమునందలి జంతువుల నన్నింటిని వర్ణించు గ్రంథ మొకటి వ్రాయవలెనని యతని సంకల్పము. మొదటి సంపుటము 1551లో వెలువడెను. 1554లో వెలువడిన రెండవ సంపుటమునందు మొసలి, తాబేలు, బల్లి, ఊసరవెల్లి మున్నగువాని బొమ్మలు గలవు. చెక్కపై బొమ్మను గీసి, గీతలు మాత్రము మిగులునట్లు తక్కిన భాగమును చెక్కివేసి, సిరా పూసి, అక్షరములతోపాటు అచ్చొత్తుట నాటి పద్ధతి. నలుపు తప్ప వేఱు రంగు లేదు. కొన్ని ప్రతులకు మాత్రము పిదప చేతితో రంగులు వేసిరి. పక్షిబొమ్మకు రంగు లేకున్న వెలితిగా నుండును. మొసలికి అట్లు గాదు. దాని పొలుసులు, గరుకువీపు గీతలలోనే చక్కగా తెలియును.

అయితే నైలునది మొసలిని జ్యూరిచ్‌లో కూర్చుండి చూచు టెట్లు? గెస్నరు దేశదేశముల పండితులకు జాబులు వ్రాసి, చిత్రములను, ఎండిన కళేబరములను తెప్పించుకొనెను. వచ్చినదెల్ల నిజము కాదు. ఏడుతలల సర్పము బొమ్మ యొకటి యతనికి చేరెను. (మన కథలయందును పెక్కుతలల పాము లున్నవి కదా!) అతడు దానిని అచ్చువేసెను గాని, ఆ ముఖములును చెవులును సర్పజాతికి తగినవి కావని తన సందేహమును గూడ దాచక తెలిపెను. బొమ్మ చూచి నమ్మువారు పెక్కుమంది యున్న కాలమున ఇది చిన్న మాట కాదు.

ఇక మిగిలినది పాముల సంపుటము. దానికై చిత్రములు, వ్రాతలు కూడబెట్టుచుండగా నగరమున మహామారి వ్యాపించెను. గెస్నరు నగరవైద్యుడు, ఊరు విడువలేదు. 1565 డిసెంబరు 13వ తేదీన, నలువదితొమ్మిదవ యేట, ఆ వ్యాధిచేతనే మరణించెను. అతడు విడిచిపోయిన కాగితములను ఇతరులు సవరించి కూర్చిరి. పాముల సంపుటము 1587లో, ఆయన గతించిన 22 ఏండ్లకు, జ్యూరిచ్‌లోనే అచ్చయ్యెను.