పిచ్చుక చూపిన దారి: డాక్టర్ సలీం అలీ జీవితం

మన దేశంలో పక్షుల ప్రస్తావన ఎక్కడ వచ్చినా ముందుగా తలచుకునే పేరు డాక్టర్ సలీం అలీ గారిది. అంత పేరు తెచ్చుకున్న ఆ మహనీయుడు పసితనంలోనే తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్నవాడనీ, కాలేజీ డిగ్రీ లేనివాడనీ మనలో చాలామందికి తెలియదు.

వారు 1896 నవంబరు 12న బొంబాయిలో ఒక సులేమానీ బోహ్రా ముస్లిం కుటుంబంలో చివరి సంతానంగా జన్మించారు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ళ వయసులో తల్లి కన్నుమూశారు. బిడ్డలు లేని మేనమామ అమీరుద్దీన్ తయ్యబ్జీ గారు, అత్త హమీదా బేగం గారు ఆ పిల్లలను చేరదీసి పెంచారు.

పదేళ్ళ ప్రాయంలో సలీంకు ఎయిర్ గన్‌తో పిచ్చుకలు కొట్టడం సరదా. ఒకనాడు కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. ఇది మామూలు పిచ్చుక కాదే, ముస్లిములు దీన్ని తినవచ్చా తినకూడదా అని కుర్రవాడికి సందేహం వచ్చింది. తినకుండా మేనమామ దగ్గరికి పట్టుకెళ్ళాడు. ఆయనకూ తెలియలేదు. తెలియదని ఊరుకోకుండా, పిల్లవాణ్ణి గదమకుండా, తాను సభ్యులుగా ఉన్న బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ అనే ఆంగ్లేయుడు అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పి, బీరువాలలో భద్రపరచిన రకరకాల పక్షులను ఓపికగా చూపించాడు. ఆ రోజుతో సలీం బ్రతుకు దారి మారిపోయింది.

కానీ ఆ దారి పూలబాట కాదు. కాలేజీ చదువు మధ్యలో ఆగింది. బర్మాలో అన్నగారి గనుల పనికి, కలప వ్యాపారానికి సాయం వెళ్ళి 1917లో తిరిగొచ్చారు. 1918లో తహ్మీనా బేగంతో వివాహమైంది. డిగ్రీ లేదన్న కారణంగా ప్రభుత్వ జంతుశాస్త్ర సంస్థలో ఉద్యోగం చేజారింది. 1926లో బొంబాయి మ్యూజియంలో చిన్న ఉద్యోగం దొరికింది. సెలవు పెట్టి బెర్లిన్ వెళ్ళి ప్రొఫెసర్ స్ట్రెస్‌మాన్ దగ్గర పక్షిశాస్త్రం నేర్చుకుని 1930లో వచ్చేసరికి, డబ్బు లేదని ఆ ఉద్యోగమే తీసేశారు!

ఇంకొకరైతే తల పట్టుకు కూర్చునేవారే. సలీం అలీ గారు మాత్రం సముద్రం ఒడ్డున ఉన్న కిహిం గ్రామానికి మకాం మార్చి, గిజిగాళ్ళను గమనిస్తూ కూర్చున్నారు. మగపక్షి గూడు అల్లుతుందనీ, ఆడపక్షి దాన్ని చూసి నచ్చితేనే కాపురానికి వస్తుందనీ, ఆ తరువాత మగది మరో గూడు మొదలుపెడుతుందనీ వివరంగా వ్రాసి పండితుల మెప్పు పొందారు.

తరువాత సంస్థానాలకు ఒక మాట చెప్పారు. జీతం అక్కరలేదు, బస, ప్రయాణ ఖర్చులు భరిస్తే చాలు, మీ పక్షుల లెక్క తేలుస్తానన్నారు. అలా 1931-32లో మన హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షులను పరిశీలించారు. గుడారాల బ్రతుకులో భార్య కూడా తోడుగా ఉండేది. 1939లో ఆమె ఒక చిన్న ఆపరేషన్ తరువాత మరణించడం ఆయనకు తీరని దెబ్బ. అయినా పని విడువలేదు. 1941లో భారతదేశపు పక్షులపై వ్రాసిన పుస్తకం సామాన్యుడికీ పక్షులను పరిచయం చేసింది. డిల్లన్ రిప్లేతో కలిసి 1968 నుండి 1974 వరకు పది సంపుటాల మహాగ్రంథం వెలువరించారు.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చిత్తడి నేలలు ఒకప్పుడు రాజుల వేటస్థలం. 1938లో ఒక్క వేటలోనే నాలుగువేలకు పైగా పక్షులను కూల్చారు. స్వాతంత్ర్యం వచ్చాక దాన్ని సాగుభూమి చేయాలన్న ఒత్తిడి వస్తే, సలీం అలీ గారు నెహ్రూ గారిని కలిసి ఆపించారు. 1985లో అది ప్రపంచ వారసత్వ స్థలమయింది. అయితే అక్కడికి వచ్చే సైబీరియా కొంగలు 2002 తరువాత రావడం మానేశాయి. రక్షణ ఒక్కచోట ఉంటే చాలదనడానికి అదే నిదర్శనం.

అంతరించిందనుకున్న కలివికోడిని 1986లో మన కడప జిల్లాలో మళ్ళీ కనుగొన్నది ఆయన సొసైటీ వారే. డిగ్రీ లేని ఆ పెద్దమనిషికి 1978లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1976లో పద్మవిభూషణ్, 1985లో రాజ్యసభ సభ్యత్వం లభించాయి. బహుమతిగా వచ్చిన పెద్ద మొత్తాన్ని ప్రకృతి రక్షణ నిధికే ఇచ్చేశారు. 1987 జూన్ 20న పరమపదించారు. 1990లో కోయంబత్తూరు దగ్గర ఆనైకట్టిలో ఆయన పేర పక్షి పరిశోధన కేంద్రం వెలిసింది.

సోదరులారా, తల్లిదండ్రులు లేని ఒక పిల్లవాడు చచ్చిన పిచ్చుకను పట్టుకొచ్చి ప్రశ్న అడిగిన రోజున, ఆ మేనమామ ఫో అవతలికి అని కసిరి ఉంటే ఏమయ్యేది? మన ఇళ్ళలోనూ, మన చుట్టుప్రక్కల అనాథ పిల్లలలోనూ ఇలా ప్రశ్నలు అడిగేవారు ఉన్నారు. వాళ్ళకు జవాబు మనకు తెలియకపోయినా, తెలిసినవారి దగ్గరికి చేయి పట్టుకు తీసుకువెళ్ళడం మాత్రం మన చేతిలోని పనే.