కలం, కాగితంతోనే 39 అంకెల సంఖ్యను తేల్చిన పంతులు

ఒకటితోనూ, తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగింపబడనిది ప్రధాన సంఖ్య అని ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలిసిందే. ఏడు, పదమూడు వంటివైతే నోటిలెక్కతో తేలిపోతాయి. మరి 39 అంకెల సంఖ్య ఎదురైతే? కంప్యూటర్లు లేని 1876లో ఆ పని సాధించిన ఘనుడు ఫ్రాన్స్‌కు చెందిన ఎడ్వర్డ్ లూకాస్.

1842 ఏప్రిల్ 4న అమియన్స్ పట్టణంలో జన్మించిన లూకాస్ తొలుత పారిస్ ఖగోళ పరిశోధనాలయంలో పనిచేశారు. 1870లో ప్రష్యాతో యుద్ధం రాగా ఫిరంగి దళంలో అధికారిగా చేరారు. యుద్ధానంతరం బోధన చేపట్టి పారిస్‌లోని సెయింట్ లూయీ, షార్లమాన్ విద్యాలయాల్లో గణితం బోధించారు.

రెండును 127 సార్లు వేసి గుణించి, ఒకటి తీసివేస్తే వచ్చే సంఖ్య 170141183460469231731687303715884105727. ఇది ప్రధాన సంఖ్యేనని మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి 1644లోనే ప్రకటించారు గానీ నిరూపణ చూపలేదు. ఒక్కొక్క సంఖ్యతో భాగించి చూడాలంటే 20 అంకెల సంఖ్యల దాకా వెళ్లాలి. అది మానవమాత్రులకు సాధ్యమయ్యే పని కాదు. లూకాస్ అసలు భాగించే దారినే విడిచిపెట్టారు.

ఆయన పద్ధతికి లెహ్మర్ 1930లో మెరుగుపెట్టిన రూపం ఇలా ఉంటుంది. నాలుగుతో మొదలుపెట్టి, వర్గం చేసి, రెండు తీసివేసి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషాన్ని తీసుకోవాలి. 31నే చూద్దాం. నాలుగు నుంచి 14, దాని నుంచి 194 వస్తాయి. 194ను 31తో భాగిస్తే శేషం 8. ఎనిమిది వర్గంలో రెండు తీసివేస్తే 62, శేషం సున్నా. కాబట్టి 31 ప్రధాన సంఖ్య. 31కి మూడు మెట్లు చాలు, ఆ 39 అంకెల సంఖ్యకు 125 మెట్లు ఎక్కాలి. ప్రతి మెట్టులోనూ అంతంత పెద్ద గుణకారాలే. ఎక్కడ ఒక్క అంకె తప్పినా శ్రమంతా వృథా.

మెర్సెన్ జాబితాలోని 67 మాత్రం తప్పని అదే సంవత్సరం లూకాస్ తేల్చారు. అయితే ఆ సంఖ్యను ఏవి భాగిస్తాయో ఆయనకు దొరకలేదు. 1903లో అమెరికాకు చెందిన కోల్ 193707721, 761838257287 అనే కారణాంకాలను చూపారు. లూకాస్ రికార్డు 1951 దాకా చెక్కుచెదరలేదు. 2024లో వెలుగు చూసిన 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్యనూ లూకాస్-లెహ్మర్ పరీక్షతోనే ధ్రువీకరించారు.

పిల్లలు ఆడుకునే హనోయ్ గోపురం ఆట సైతం 1883లో ఆయన మారుపేరుతో విడుదల చేసినదే. కాశీ ఆలయంలో బ్రాహ్మణులు 64 అంతస్తుల బంగారు గోపురాన్ని కదుపుతున్నారని, అది ముగిస్తే ప్రళయమేనని ఆటతో పాటు ఇచ్చిన కరపత్రంలో ఓ కట్టుకథ అల్లారు. ఆ గోపురానికి పొదిగినవి గోల్కొండ వజ్రాలట!

1891లో ఒక శాస్త్ర మహాసభ విందులో వడ్డించే వ్యక్తి చేతిలోని పళ్లాలు జారి పగిలాయి. ఎగిరిపడిన ముక్క లూకాస్ చెంపను చీల్చింది. గాయం విషమించి అక్టోబరు 3న, 49 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన వినోద గణిత గ్రంథంలోని చివరి రెండు సంపుటాలు మరణానంతరమే అచ్చయ్యాయి.