రిగిస్తాన్ చౌక్‌లో మదరసా కట్టించిన మీర్జా ఉలుగ్ బేగ్

సమర్కంద్ అనగానే మనవాళ్ళకు తైమూర్ పేరు నోట వస్తుంది. మేము చెప్పదలచినది ఆయన మనుమడు మీర్జా ఉలుగ్ బేగ్ సంగతి. 1394లో పుట్టిన వీరి అసలు పేరు మహమ్మద్ తరగాయ్. తండ్రి షారుఖ్ హిరాత్‌లో ఉండి రాజ్యమేలుతూ, 1409లో పదిహేనేళ్ళ ఈ కుర్రవాణ్ణి సమర్కంద్‌కు పాలకునిగా నియమించారు.

ఆ ఊరి చుట్టూ కోటగోడ, దానికి ఆరు దర్వాజాలు. ఒకటి ఆహనీన్, అంటే ఇనుప దర్వాజా, మరొకటి ఫిరోజా. దర్వాజాల నుండి వచ్చే దారులు ఊరి నడుమనున్న రిగిస్తాన్ చౌక్‌లో కలిసేవి. రేగ్ అనగా ఇసుక; ఇసుక మైదానమన్నమాట. బజారు అక్కడే, సర్కారు ఫర్మానాలు చదివి వినిపించేదీ అక్కడే. ఒంటెలు, బేరాలు, కేకలు! అటువంటి చోట ఉలుగ్ బేగ్ 1417లో మదరసా మొదలుపెట్టించి 1420 నాటికి పూర్తి చేయించారు. చదువును ఊరి చివర దాచక బజారు నడుమ నిలబెట్టడం మాకు ఎంతో నచ్చిన విషయం. దీనీ చదువుతో పాటు గణితం, ఖగోళశాస్త్రం కూడా చెప్పేవారు. ఖాజీజాదా రూమీ వంటి ఉస్తాదులు ఉండేవారు. తరువాత గుట్టమీద అబ్జర్వేటరీ కట్టించి, 1018 నక్షత్రాల స్థానాలు పట్టికగా రాయించారు. 18వ శతాబ్దంలో మన దేశంలో జంతర్ మంతర్‌లు కట్టించిన సవాయి జైసింగ్ పండితులకు కూడా ఈ పట్టికలే ఆధారమైనవి.

అయితే రాజ్యం నడపడం వేరు కదా. తమ్గా అనే వర్తకపు పన్ను ఆయన వదలలేదు; మతపెద్దలు కొందరికి అది గిట్టలేదు. యుద్ధాలలోనూ అంత గట్టివారు కారు. 1447లో తండ్రి పోయాక కన్నకొడుకు అబ్దుల్ లతీఫ్‌తోనే తగవు పడింది. 1449లో కొడుకు చేతిలో ఓడి సమర్కంద్‌కు తిరిగివస్తే, కోటను ఏ సర్దారుకు అప్పగించి వెళ్ళారో ఆ సర్దారే దర్వాజాలు మూయించాడు! నలభై ఏళ్ళు ఏలిన ఊరది. షారుఖియా కోటకు పోతే అక్కడా అంతే. ఇక చేసేది లేక కొడుక్కే లొంగిపోయారు. హజ్‌కు పోతానని సెలవు పుచ్చుకొని బయలుదేరారు గాని, ఎంతో దూరం పోకముందే అక్టోబరు 27న కొడుకు తల తీయించాడు. ఏడు నెలలైనా గడవకముందే అబ్దుల్ లతీఫ్‌నూ చంపి, ఆ తలను తెచ్చి రిగిస్తాన్ మదరసా గుమ్మానికే పెట్టారు.

శిష్యుడు అలీ ఖుష్జీ తరువాతి కాలంలో ఇస్తాంబుల్ చేరి అక్కడ గణితం బోధించారు. అబ్జర్వేటరీ కూలి మట్టిలో కలిసిపోగా, 1908లో తవ్వకాలలో బయటపడినది. 1941లో సమాధి తెరిచినప్పుడు తల, మొండెం వేరుగా ఉన్నట్లు కనబడింది. మదరసా మాత్రం చౌక్‌కు పడమటి వైపున నేటికీ నిలిచి ఉన్నది. దానికి ఎదురుగా 17వ శతాబ్దపు షేర్‌దార్ మదరసా, పక్కన తిల్లాకారీ.