కట్టించింది కమాల్‌ఖాన్.. పేరు నిలిచింది ‘కింగ్’ది

హైదరాబాద్: కింగ్‌కోఠి అనగానే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గుర్తుకు వస్తారు. ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడిగా పేరొందిన ఆ ప్రభువు జీవితంలో అధిక భాగం అక్కడే గడిచింది. అయితే ఆ భవంతి ఆయన కట్టించినది కాదు, తాతల నాటి ఆస్తీ కాదు.

రెండు అక్షరాల కథ
కమాల్‌ఖాన్ అనే సంపన్నుడు తన నివాసం కోసం ఈ భవనాన్ని నిర్మించుకున్నారు. తన పేరును సూచించే ‘కె.కె.’ అనే ఆంగ్ల అక్షరాలను ద్వారాలపై, తలుపులపై చెక్కించుకున్నారు. అనంతరం ఆ భవనం నిజాం కుటుంబం చేతికి వచ్చింది. ప్రభువు నివాసంపై మరొకరి పేరు ఉండటం మర్యాద కాదు. అలాగని చెక్కిన అక్షరాలను తొలగించనూ లేదు. ‘కె.కె.’ అంటే ఇకపై కింగ్‌కోఠి అని ఫర్మానా వెలువడినట్లు ప్రతీతి. అక్షరం చెరగకుండానే యజమాని పేరు మరుగున పడింది.

చౌమహల్లాను కాదని..
1886లో జన్మించిన ఉస్మాన్ అలీఖాన్ 13వ ఏట ఈ భవనంలో అడుగుపెట్టారు. 1911 ఆగస్టు 29న తండ్రి మహబూబ్ అలీఖాన్ మరణించడంతో పాలకుడయ్యారు. అయినా చౌమహల్లా ప్యాలెస్‌కు నివాసం మార్చలేదు. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయన పాలనలోనిదే. 1937లో టైమ్ పత్రిక ఆయన చిత్రాన్ని ముఖపత్రంపై ప్రచురించింది. అంతటి సిరి ఉన్నా ఆయన నిరాడంబరంగా, పొదుపుగా జీవించారని ప్రసిద్ధి.

రాజ్యం పోయినా..
1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. 1950 నుంచి 1956 వరకు రాజప్రముఖ్‌గా కొనసాగిన ఆయన ఆ పదవీ ముగిశాక కూడా కింగ్‌కోఠిని వీడలేదు. 1967 ఫిబ్రవరి 24న అక్కడే కన్నుమూశారు. భవనానికి ఎదురుగా ఉన్న జూదీ మసీదులో తల్లి సమాధి చెంత ఆయనను ఖననం చేశారు.

కాలక్రమంలో ఆ ప్రాంగణంలోని ఒక భాగం ప్రభుత్వ ఆసుపత్రిగా మారింది. ఒకనాడు సామాన్యులు దూరం నుంచే చూసి వెళ్లిన చోటికి నేడు పేద రోగులు వైద్యం కోసం వస్తున్నారు. రాజు లేడు, రాజ్యమూ లేదు. ఆ వీధికీ, ఆ ఆసుపత్రికీ రాజు పేరు మాత్రం మిగిలింది. పునాది వేసిన కమాల్‌ఖాన్‌కు ఆ రెండు అక్షరాల కథే మిగిలింది.